ఆట నడిపేటోని సంచిల ఏముంటది?

మొన్నొక ఆదివారం మల్లాపూర్‌ల ఎనిమిది మందిమి ఒక రేకుల షెడ్డు కింద కూసున్నం. నడుమ సుద్దముక్కతోని గీసిన బొమ్మ, నాలుగు గవ్వలు, కత్తిరించిన లగ్గం పత్రికల ముక్కలు. ఒక పిల్లగాడు గవ్వలు గలగల ఆడిచ్చి ఏసిండు. అందరు ఒక్కసారే "అయ్యో" అన్నరు. అటుకెల్లి పోతున్న పెద్దమనిషి ఒకాయన సైకిల్ మోటర్ ఆపి, "ఏందిర, పట్టపగలే పైసలు పెట్టి ఆడుతున్రా?" అని గదమాయించిండు.

"పైసల్లేవు పెద్దనాయన, మేం దుబాయ్ పోతున్నం" అన్నడు ఆ పిల్లగాడు.

గాయన బండి స్టాండేసి గంటసేపు మా పక్కన్నే కూసున్నడు. లేచేటప్పుడు, "గీ ఆట నాకు ఇరవై ఏండ్ల కింద ఎవడన్న ఆడిపిచ్చి ఉంటే బాగుండు" అని పోయిండు. గా మాట నన్ను వదుల్తలేదు. అందుకే గీ ఆట ఏంది, దాన్ని నడిపేటోడు ముందుగాల ఏమేం సిద్ధం చేసుకోవాలె, ఏ సామాను పనికొస్తది అన్నది జర వివరంగ చెప్తున్న. మీ ఊర్ల మీరు సుత ఆడుకోవచ్చు.

గీ ఆట ఏంది?

ఇంగ్లీషుల దీన్ని టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ అంటరు. నలుగురైదుగురు ఒక్కొక్క పాత్ర తీసుకుంటరు. ఒకడు మాత్రం పాత్ర తీసుకోడు, కథ నడుపుతడు. ఆయన్నే గేమ్ మాస్టర్ అంటరు. "మీరు విమానం దిగిన్రు, మిమ్ముల తోల్కపోతానన్న మనిషి రాలేదు, ఏం చేస్తరు?" అని ఆయన అడుగుతడు. ఆడేటోళ్లు వాళ్లకు తోచింది చెప్తరు. అయితదా కాదా అన్న అనుమానం వచ్చిన కాడ పాచికలు ఏస్తరు. గెలుసుడు, ఓడుడు అన్నది లేదు. కథ ముందుకు పోతది, అంతే.

దీని పుట్టుక యుద్ధం ఆటలల్ల ఉన్నది. 1824ల ప్రష్యా సైన్యం ఆఫీసర్లకు మ్యాపు మీద యుద్ధం నేర్పేతందుకు ఒక ఆట వచ్చింది. అండ్ల రెండు దిక్కులోళ్ల నడుమ తీర్పు చెప్పేటందుకు ఒక మనిషి ఉంటుండె. 1969ల అమెరికాల డేవ్ వెస్లీ అనేటాయన బ్రౌన్‌స్టైన్ అనే ఆట నడిపిండు. అండ్ల ఆడేటోళ్లకు పటాలాలు కాదు, ఒక్కొక్క మనిషి పాత్ర ఇచ్చిండు. ఆయన కాడ ఆడిన డేవ్ ఆర్నెసన్, ఇంకో దిక్కుకెల్లి గ్యారీ గైగాక్స్ కలిసి 1974ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ అచ్చేసిన్రు. మొదలు అచ్చైనవి వెయ్యి డబ్బాలే. యాభై ఏండ్లల్ల గది లోకమంత తిరిగింది.

ఇదంత ఇని "మనకెందుకే అమెరికోళ్ల ఆట" అనకున్రి. ఒక్క మనిషి కథ చెప్పుకుంట, చెప్పుకుంటనే పాత్ర అయిపోవుడు మనకు కొత్తనా? ఒగ్గుకథ సూడున్రి. సిరిసిల్ల దిక్కు హన్మాజీపేట మిద్దె రాములు ఒగ్గు పట్టి ఎల్లమ్మ కథ చెప్తే జనం పొద్దుగాలదాక లేవకపోదురు. కథ చెప్పేటాయనే ఒక క్షణం తల్లి అయితడు, ఇంకో క్షణం కొడుకు అయితడు. భుజం మీది తువ్వాల పసిబిడ్డ అయితది. పక్కన వంత పాడేటాయన ఎదురు పాత్ర అందుకుంటడు. గేమ్ మాస్టర్ చేసే పనిల సగం ఇదే.

తేడా ఒక్కటి ఉన్నది, గది పెద్దది. ఒగ్గుకథల మల్లన్నకు ఏమైతదో చెప్పేటాయనకు ఎరుకే, ఇనేటోళ్లకు ఎరుకే. గీ ఆటల ఆఖరికి ఏమైతదో ఎవలకు తెల్వది. అందుకే తయారీ సుత వేరే తీరు ఉంటది. కొత్తగ నడిపేటోడు చేసే మొదటి తప్పు ఏందంటే, కథ మొత్తం ముందే రాసుకొని వచ్చుడు. ఆడేటోళ్లు ఎడమకు పొమ్మంటే కుడికి పోతరు. రాసుకున్న ఇరవై పేజీలు బేకార్ అయితయి. గప్పుడు ఈనకు కోపం వస్తది, వాళ్లను గుంజుకొచ్చి తన తోవల పెడ్తడు, ఆట సచ్చిపోతది. ఏమైతదో రాసుకోవద్దు. ఎవరెవరు ఉన్నరు, వాళ్లకు ఏం కావాలె, ఎవడు ఏం దాస్తున్నడు అన్నదే రాసుకోవాలె.

మొదటి సామాను: ఒక్క కాయితం

లోకంల ఏ గేమ్ మాస్టర్‌ను అడిగినా మొదలు చెప్పేది నోటుబుక్కే. మైక్ షీ అనేటాయన 2018ల ఒక పుస్తకం తెచ్చిండు, ఎక్కువ కష్టపడకుంట ఆటను ఎట్ల తయారుచెయ్యాలె అని. ఆయన చెప్పినయి ఎనిమిది మెట్లు. ఆడేటోళ్ల పాత్రలు ఒకసారి యాది చేసుకో. మొదలే గట్టిగ షురూ అయ్యే ఒక సంఘటన రాసుకో. వచ్చే అవకాశమున్న ఘట్టాలు రాసుకో. పది గుట్లు రాసుకో. జాగలు, మనుషులు, ఎదురొచ్చే గండాలు, ఆఖరికి దొరికే ఫలితం రాసుకో. గంతే.

వీటిల నాకు బంగారం లెక్క దొరికింది పది గుట్లు అన్న మెట్టు. గుట్టు రాసుకుంటం గానీ, గది ఎక్కడ బయటపడ్తదో రాసుకోం. మా దుబాయ్ ఆటకు నేను రాసుకున్న వాటిల నాలుగు చెప్త. ఒకటి, ఏజెంటు సూపెట్టే లైసెన్సు కాయితం వేరే ఆఫీసుది. రెండు, ఇచ్చేది పని వీసా కాదు, విజిట్ వీసా. మూడు, అరబ్బీల ఉన్న కాయితం మీద జీతం నోటితోని చెప్పినదానికంటె తక్కువ. నాలుగు, గదే కంపెనీల చేసి వాపస్ వచ్చినాయన పక్క ఊర్లనే ఉన్నడు.

నేను అనుకున్నది పిల్లలు ఏజెంటు ఆఫీసుకు పోయి లైసెన్సు సూస్తరని. వాళ్లు పోలే. బీడీలు చేసే అత్తమ్మ కాడికి పోయి అప్పు అడిగిన్రు. మంచిదే. గా అత్తమ్మ నోటినుంచే నాలుగో గుట్టు బయటికొచ్చింది: "పక్క ఊరి మా తమ్ముడు గా కంపెనీల్నే చేసి ఒట్టి చేతులతోని వచ్చిండు గద బిడ్డా." పిల్లలు తిరిగే తోవ వాళ్లది, గుట్టు నాది. రెండు కలిసిన కాడ కథ పుడ్తది.

రెండో సామాను: బొమ్మ

బయటి దేశాలోళ్లు గీతల కాయితం మీద గదులు, దారులు గీసుకుంటరు. కొందరు ఆరు మూలల గడులున్న కాయితం వాడ్తరు, దూరం లెక్కబెట్టుడు అలకగ ఉంటదని. మనకు బొమ్మ ముందట పెట్టి కథ చెప్పుడు పాత విద్యనే. మల్లన్న పట్నం యాదికి తెచ్చుకోన్రి. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపచ్చ పొడి, నల్లపొడితోని నేల మీద పట్నం ఏసినంక గది నేల కాదు, దేవుని జాగ.

చేర్యాల పటం ఇంకా దగ్గరి సుట్టం. ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల అంబలి, బంక పట్టిచ్చి ఆరబెట్టి, అండ్ల అంకాలు గీస్తరు. మూడడుగుల ఎడల్పు, పదుల అడుగుల పొడుగు. పద్మశాలోళ్లకు కూనపులోళ్లు మార్కండేయ పురాణం చెప్పేది గిట్లాంటి పటం మీదనే. మగ్గాల ఊరు సిరిసిల్లల పెద్దోళ్లను అడిగితే ముచ్చట చెప్తరు. పటం మొత్తం ఒక్కసారే ఇప్పరు. ఒక అంకం అయినంకనే ఇంకోటి కిందికి దించుతరు. ముందు ఏమున్నదో తెల్వకపోవుడే ఇనేటోన్ని కూసోబెడ్తది.

ఇయ్యాల కంప్యూటర్ల మీద ఆడేటోళ్లు మ్యాపు మీద నల్లటి మబ్బు కప్పి, పాత్ర పోయిన కాడ మాత్రమే తెరుస్తరు. పటం చుట్టినోళ్లు చేసిన పని గదే. మేము షెడ్డుల శంషాబాద్ విమానాశ్రయం, క్యాంపు గది, పని జాగ సుద్దతోని గీసి, మీద పాత న్యూస్ పేపర్లు కప్పినం. పోయిన కొద్దీ పేపరు తీసినం. ఖర్చు ఒక సుద్దముక్క.

మూడో సామాను: గవ్వలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ల నాలుగు ముఖాల కెల్లి ఇరవై ముఖాల దాక రకరకాల పాచికలు ఉంటయి. ఆన్‌లైన్‌ల దొరుకుతయి గానీ మనకు అవసరం లేదు. అష్టచెమ్మ గవ్వలు చాలు. ఎందుకు చాలో లెక్క చెప్త.

ఇరవై ముఖాల పాచికల ఒకటి పడుడు, ఇరవై పడుడు, పది పడుడు అన్నీ సమానమే, ఇరవైల ఒక వంతు. రెండు మామూలు పాచికలు కలిపి ఏస్తే గట్ల కాదు. 36 తీర్లల్ల ఏడు ఆరుసార్లు వస్తది, పన్నెండు ఒక్కసారే వస్తది. అంటే నడుమది ఎక్కువ, కొసలవి తక్కువ. నాలుగు గవ్వలు సుత గిదే తీరు. గవ్వ రెండు దిక్కుల సమానంగ పడ్తదనుకుంటే మొత్తం 16 తీర్లు. రెండు వెల్లకిల పడేటివి 6. ఒకటి పడేటివి 4, మూడు పడేటివి 4. నాలుగూ వెల్లకిల పడి చెమ్మ అయ్యేది 1, నాలుగూ బోర్లపడి అష్ట అయ్యేది 1.

దీని మీద మేము చేసుకున్న నియమం గిది. ఒకటి పడ్తే పని కాలేదు. రెండు పడ్తే పని అయింది గానీ ఏదో ఒకటి పోయింది. మూడు పడ్తే పని అయింది. చెమ్మ గానీ అష్ట గానీ పడ్తే అనుకున్నదానికంటె ఎక్కువే అయింది. రెండే ఎక్కువ పడ్తది కాబట్టి కథల ఎక్కువసార్లు "అయింది గానీ" అన్నదే వస్తది. బతుకు గట్లనే ఉంటది గద? వీసా వచ్చింది గానీ అమ్మ పుస్తెలతాడు కుదువ పడ్డది. 2010ల విన్సెంట్ బేకర్, మెగీ బేకర్ అనే ఇద్దరు అపోకలిప్స్ వరల్డ్ అనే ఆట చేసిన్రు. అండ్ల సుత ఇదే సూత్రం: పది గానీ అంతకు మించి గానీ పడ్తే పూర్తిగ గెలుపు, ఏడు నుంచి తొమ్మిది దాక నష్టంతోని గెలుపు, ఆరు దాక ఆపతి.

ఇంకో ఉపాయం, పట్టిక. "క్యాంపుల మొదటి రాత్రి ఏమైంది?" అని పెట్టి, ఒకటి నుంచి అష్ట దాక ఎదురుగ ఐదు సంగతులు రాసుకుంటం. ఒకటి పడ్తే పాస్‌పోర్టు గుంజుకున్నరు. రెండు పడ్తే పక్క మంచం మీద మెట్‌పల్లి మనిషి ఉన్నడు. గవ్వలు ఏసేదాక నాకు సుత తెల్వది. కథ నడిపేటోనికి సుత మజా ఉండాలె గద.

నాలుగో సామాను: ముక్కలు, పేర్ల పట్టీ, అడ్డం

మనుషులకు ఒక్కొక్కరికి ఒక ముక్క. మేము లగ్గం పత్రికలు కత్తిరిచ్చి ఎనుక దిక్కు రాసుకున్నం. మూడే గీతలు: పేరు, ఏం కావాలె, ఏం దాస్తున్నడు. ఏజెంటుకు కమీషన్ కావాలె, తనకే పైనోడు పైసలు ఇయ్యాలె అన్నది దాస్తున్నడు. గీ ఒక్క గీతతోని వాడు సినిమా విలన్ కాకుంట మనిషి అయితడు.

ఇరవై పేర్ల పట్టీ ఒకటి పక్కకు రాసిపెట్టుకోన్రి. ఆడేటోడు అనుకోకుంట "గా డ్రైవర్ పేరేంది?" అని అడుగుతడు. మీరు నెత్తి గోక్కున్నరంటే ఆట ఆగుతది. గేమ్ మాస్టర్లు చాలామంది మెచ్చుకునే సామాను ఇదే, పైసా ఖర్చు లేదు.

ఇగ అడ్డం. నడిపేటోని ముందట మడతలు పెట్టిన అట్ట నిలబెడ్తరు. ఇవతలి దిక్కు నియమాలు, పట్టికలు, పేర్లు అతికిచ్చుకుంటరు. అవతలోళ్లకు బొమ్మ కనవడ్తది. మేము అట్టడబ్బా కోసి చేసినం. అయితే ఒక్కమాట: అడ్డం ఉన్నది కాయితాలు దాసుటానికే, గవ్వల పాటు దాసుటానికి కాదు. పాటు అందరి ముందట్నే పడాలె. లేకుంటే నమ్మకం పోతది.

ఐదో సామాను: ఫోను

దోస్తులు తలో ఊర్ల ఉంటే ఫోను, కంప్యూటర్ సుత పనికొస్తయి. రోల్20 అనేది 2012ల వచ్చింది, ఫౌండ్రీ 2020ల వచ్చింది. వీటిల మ్యాపు, పాచికలు అన్నీ తెర మీదనే ఉంటయి. చాలామంది డిస్కార్డ్ మీద మాట్లాడుకుంట ఆడ్తరు. కోరుట్లల ఒకడు, మస్కట్‌ల ఒకడు ఉంటే వాట్సప్ కాల్ సాలు.

నియమాల పుస్తకాలకు పైసలు పెట్టాలెనా? పెట్టనక్కర లేదు. దీని ఎనుక ఒక కొట్లాట ఉన్నది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఇప్పుడు హాస్‌బ్రోకు చెందిన విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీ చేతుల ఉన్నది. ఎవరైనా వాడుకోవచ్చని 2000ల ఇచ్చిన లైసెన్సును మార్సుతరన్న సంగతి 2023 జనవరిల బయటపడ్డది. ఆడేటోళ్లు, చిన్న చిన్న ఆటలు రాసుకునేటోళ్లు ఊకోలే. కంపెనీకి నెలనెల కట్టే చందాలు బంద్ పెట్టిన్రు. గదే నెల 27న కంపెనీ దిగొచ్చి, మూల నియమాల కాయితాన్ని క్రియేటివ్ కామన్స్ కింద అందరికీ ఇడిసిపెట్టింది. అంటే ఎక్కడికెల్లి తీసుకున్నమో పేరు చెప్పి, మనం దాన్ని మన యాసల రాసుకోవచ్చు, పంచుకోవచ్చు. మళ్ల గుంజుకునేటట్టు లేదు.

ఫోను ఆట అంటె మన ఊర్లల్ల భయమెందుకో నాకు ఎరుకే. రమ్మీ, బెట్టింగ్ యాప్‌లల్ల పడి అప్పులపాలైనోళ్లు ప్రతి ఊర్ల ఉన్నరు. తెలంగాణల 2017లనే పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను చట్టం బంద్ పెట్టింది. 2025 ఆగస్టుల కేంద్రం సుత చట్టం తెచ్చింది. చట్టం ఉన్నా యాప్‌లు పేరు మార్సుకొని వస్తున్నయి. వాళ్ల ఆటల నువ్వు ఒంటరిగ ఉంటవు, నువ్వు ఓడితేనే వాళ్లకు లాభం. గీ ఆట నలుగురు ఎదురెదురు కూసుంటేనే నడుస్తది. గదే దీనిల ఉన్న బలం.

ఆరో సామాను: ఎర్రముక్క

ఇది ఆఖరుకు చెప్తున్న గానీ మొదలు సంచిల ఏసుకోవాల్సింది ఇదే. నేను తప్పు చేసి నేర్సుకున్న.

మొదటిసారి ఆడినప్పుడు ఒక పాటు ఖరాబ్ పడ్డది. "నీ పక్క మంచం మనిషి పొద్దుగాల లేవలే" అన్న. గా మాటకు ఒక పిల్లగాడు లేచి, చెప్పులు సుత ఏసుకోకుంట ఎల్లిపోయిండు. వాళ్ల నాయిన సౌదీల నిద్రల్నే పోయిండని, పెట్టె వచ్చేసరికి నెల దాటిందని నాకు తర్వాత తెలిసింది. కథ బాగున్నదని మురుస్తున్న నాకు సిగ్గైంది. మన జగిత్యాల దిక్కు గల్ఫ్ ముచ్చట అంటే ఎవని ఇంటిదో ఒకని ఇంటి ముచ్చటనే. గది మరిసిన.

దీనికి సుత సామాను ఉన్నదని అప్పుడు ఎతికి సూసిన. జాన్ స్టావ్‌రోపౌలోస్ అనేటాయన ఎక్స్-కార్డ్ అని ఒకటి తెచ్చిండు. నడుమ ఒక ముక్క పెడ్తరు. ఆటల ఏదన్న ఘట్టం మనసుకు కష్టమైతే ఎవరైనా దాన్ని ముట్టుకుంటరు. ఎందుకని ఎవరూ అడగరు. గా ఘట్టం ఇడిసిపెట్టి ముందుకు పోతరు. ఇంకొకటి, అసలు ఆటకు ముందు అందరు కూసొని ఏం వద్దో, ఏం కావాల్నో మాట్లాడుకుంటరు. దాన్ని సున్నా కూర్సుండుడు అనుకోవచ్చు. మేము ఎర్ర పత్రిక ముక్క ఒకటి నడుమ పెట్టినం.

నేను ఆ పిల్లగాని ఇంటికి పోయి తప్పైందని చెప్పిన. వాడు మూడు వారాలు రాలే. నాలుగో వారం వచ్చి ఆడలే, పక్కకు కూసున్నడు. ఆట అయినంక ఒక ముక్క అడిగి తీసుకొని ఏదో రాసిండు. పెట్టె రావాల్నంటె ఏ కాయితాలు కావాలె అన్నది రాసిండు: మరణ ధ్రువపత్రం, పోలీసుల క్లియరెన్సు, ఎంబామింగ్ సర్టిఫికెటు, రద్దు చేసిన పాస్‌పోర్టు, మన ఎంబసీ ఇచ్చే ఎన్‌వోసీ. "గిది తెల్వకనే మేం తిరిగినం అన్నా, ఆటల పెట్టు" అన్నడు.

గా రోజుకెల్లి మా ముక్కలు రెండు తీర్లు అయినయి. మనుషుల ముక్కలు, ఎరుక ముక్కలు. ఏ కాయితం గురించి ఎవరు అడిగితే గా ముక్క వాళ్ల చేతుల పడ్తది. ఏజెంటుకు లైసెన్సు ఉన్నదా లేదా ఈ-మైగ్రేట్ సైటుల సూడొచ్చు. ఏజెంటు తీసుకోవాల్సింది ముప్పై వేలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించొద్దు. పది పాసు కానోళ్లు గల్ఫ్‌కు పనికి పోవాల్నంటె ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలె, విజిట్ వీసా మీద పనికి పోవద్దు. ప్రవాసీ భారతీయ బీమాకు రెండేండ్లకు 275 రూపాయలు, ప్రమాదంల పోతే ఇంటోళ్లకు పది లక్షలు. సర్కారుదే టామ్‌కామ్ అనే సంస్థ ఉన్నది, పోయి అడగొచ్చు.

గీ సంగతులు నేను మీటింగులల్ల మైకు పట్టి చాన ఏండ్లు చెప్పిన. ఇన్నోళ్లు ఇన్నరు, మరిసినోళ్లు మరిసిన్రు. ఆటల పుస్తెలతాడు కుదువపెట్టి, లక్షన్నర ఏజెంటు చేతుల పెట్టి, విమానం దిగినంక మోసమని తెలుసుకున్న పిల్లగాడు మరువడు. ఆటల పోయింది ఉత్త గవ్వల పాటే, పుస్తెలతాడు ఇంట్ల భద్రంగ ఉన్నది. మళ్ల మొదటికెల్లి ఆడొచ్చు. నిజంగ పోయినోనికి గా అవకాశం లేదు.

మీకు దుబాయ్ ముచ్చట వద్దంటె వేరేది తీసుకోన్రి. మా మండలంల ముత్యంపేట చెరుకు ఫ్యాక్టరీ 2015 డిసెంబర్ల మూతపడ్డది. ఒకరు రైతు, ఒకరు కార్మికుడు, ఒకరు లారీ డ్రైవర్, ఒకరు ఆఫీసర్. మూతపడే వారం ముందుకెల్లి షురూ చెయ్యున్రి. లేకుంటే ఉత్తగ రాక్షసులు, కోటలు, గుర్రాలు పెట్టుకోన్రి. అది సుత మంచిదే, నవ్వుకునుడు పాపం కాదు.

సామాను మొత్తం ఇంకోసారి: ఒక నోటుబుక్కు, సుద్దముక్క, నాలుగు గవ్వలు, పాత లగ్గం పత్రికలు, అట్టడబ్బా, ఒక ఎర్రముక్క. ఒక సాయంత్రం గంటసేపు కూసుంటే తయారీ అయిపోతది. వచ్చే ఆదివారం మేము మళ్ల ఆడుతున్నం. ఈసారి ఆట నడిపేది నేను కాదు, గా పిల్లగాడే.